గుడ్డు దవడ

డాక్టర్ దేవదానం గారు పోయిన మూడు నెలలకి ఆయన కూతురు మెయిన్‌లాండ్ నుంచి మా దీవులకి వచ్చింది. డైరీ ఫార్మ్ పేటలోని ఆయన క్లినిక్ ఖాళీ చేస్తున్నాననీ, నాకు పనికొచ్చే పనిముట్లు ఏమైనా ఉంటే వచ్చి తీసుకోమనీ ఫోన్ చేసింది. మా క్లినిక్‌లో ఆ పొద్దుటి కేసులు ముగించుకుని వెళ్ళాను. తలుపు తియ్యగానే లవంగనూనె వాసన ముక్కుకి కొట్టింది. ఆయన రోజంతా బుగ్గన ఒక లవంగం పెట్టుకుని ఉండేవారు. పళ్ళ డాక్టరు నోరు వాసన రాకూడదమ్మా, కుక్కలకి కూడా మర్యాద ఉంటుంది అనేవారు. మనిషి లేని గదిలో ఆ వాసన ఇంకా ఎలా మిగిలి ఉందో నాకు తెలియదు. ఆ అమ్మాయి పనిముట్ల డబ్బా నా ముందు పెట్టి, టీ పెట్టి తెస్తానని లోపలికి వెళ్ళింది. నేను ఐదు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోలేకపోయాను. కిటికీ దగ్గరికీ రేకుబల్ల దగ్గరికీ, బల్ల దగ్గర్నించి ముందుగదిలోకీ తిరుగుతూనే ఉన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ గదిలో ఉన్న రెండు నెలలూ నేను చేసింది అదే. కాలు ఒకచోట నిలిచేది కాదు.

అప్పుడు నేను మెయిన్‌లాండ్‌లో పశువైద్యం చివరి ఏడాది చదువుతున్నాను. కాలేజీ గోడల్లోనే ఉండిపోకుండా బయటి క్లినిక్‌లలో రెండు నెలలు పనిచేసి, రోజూ చూసిన కేసులు లాగ్‌బుక్‌లో రాసుకుని రావాలి. ఎక్స్‌టర్న్‌షిప్ అనేవారు దాన్ని. నా ఈడు పిల్లలంతా ఆవులూ గేదెలూ కోళ్ళ ఫారాలూ ఎంచుకున్నారు. నాకు మాత్రం కుక్కల, పిల్లుల నోళ్ళ మీద పడింది ధ్యాస. ఆ రోజుల్లో ఆ పని చేసేవాళ్ళే తక్కువ. కుక్కకి పన్ను పుచ్చితే పీకెయ్యడం, లేకపోతే వదిలెయ్యడం. ఒక పెద్ద నగరంలోని ఆస్పత్రిలో కుక్కల పళ్ళకే విడిగా ఒక విభాగం ఉందని విని, నెలల తరబడి ఉత్తరాలు రాసి, రెండో నెలకి అక్కడ చోటు సంపాదించాను. మొదటి నెలకి మాత్రం మా పోర్ట్ బ్లెయిర్‌లోనే దేవదానం గారి దగ్గర. ఆయన ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరై, మనుషుల పళ్ళ డాక్టరైన తన తమ్ముడి దగ్గర పని నేర్చుకుని, అతను వాడి వదిలేసిన పాత ఎక్స్‌రే మిషను పెట్టుకుని ఆ చిన్న క్లినిక్ నడుపుతుండేవారు. నా దృష్టిలో అది ఓడ ఎక్కేదాకా కాలక్షేపం. ఇల్లు చూసినట్టూ ఉంటుంది, నెలా గడిచినట్టూ ఉంటుంది అనుకున్నాను.

మా ఇల్లు జంగ్లీఘాట్‌లో. మా నాన్న గురన్న డింగీ పడవ మీద చేపలవేటకెళ్ళేవాడు. నేను లేచేసరికి ఆయన వచ్చేసి, గుమ్మంలో కూర్చుని గేలాలు ఒక్కొక్కటీ చీరపీలికతో తుడుచుకుంటూ ఉండేవాడు. తుడిచిన గేలాన్ని బొటనవేలి గోరు మీద ఆనించి పదును చూసుకోవడం ఆయన అలవాటు. అమ్మ చేపలు వలిచి, ఉప్పు పట్టించి రేకుల మీద ఆరేసేది. నా పుస్తకాలకీ, తెల్లకోటుకీ, చివరికి తల దువ్వెనకీ ఎండుచేప వాసనే. హాస్టల్లో నాలుగేళ్ళు ఆ వాసన కోసం బెంగపెట్టుకున్నదాన్ని, ఇంటికొచ్చిన నాలుగు రోజులకే ఎప్పుడు వెళ్ళిపోదామా అని కేలెండర్ చూసుకునేదాన్ని. నాన్నకి నా చదువు సగమే అర్థమయ్యేది. కుక్క పళ్ళు పీకడానికి ఐదేళ్ళ చదువేటే అని నవ్వేవాడు. కానీ జెట్టీ దగ్గర మాత్రం మా రత్నం పెద్దాస్పత్రికి ఎల్తన్నాదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

మొదటి వారంలో జరిగిన ఒక చిన్న సంగతి నా తలకెక్కింది. జెట్టీ దగ్గర తిరిగే ఒక కుక్కని ఎవరో ఎత్తుకొచ్చారు. నాలుకలో గేలం దిగి ఉంది. గేలానికి వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది కాబట్టి లాగేకొద్దీ కండ చీరుకుపోతుంది. మత్తిచ్చాక నేను ముందుకొచ్చి, గేలాన్ని ముందుకే పొడిచి, ముల్లు బయటికి రాగానే కత్తిరించి, మిగిలిన తీగని వెనక్కి లాగేశాను. నాన్న వేలిలో గేలం దిగినప్పుడల్లా ఆయన చేసుకునేది అదే. దేవదానం గారు అది చూసి, ఎవరు నేర్పారని అడిగి, విని, నీ చేతిలో పని ఉందమ్మా అన్నారు. ఆ మాట పట్టుకుని నేను ఊరేగాను. ఆయన నెమ్మది అప్పట్నించీ నాకు మరీ విసుగు పుట్టించేది. ఒక్కొక్క పంటి మీదా గార గీకుతూ, చర్చిలో పాడే తెలుగు పాటని మాటల్లేకుండా ముక్కుతో పాడుకుంటూ, పాత కేలెండర్ కాగితాల వెనక కుక్క దవడ బొమ్మ వేసి ఏ పన్ను ఎంత కదులుతోందో గుర్తులు పెట్టేవారు. చిన్నజాతి కుక్కల కింది దవడ పన్ను దేన్నీ ఎక్స్‌రే తియ్యకుండా ముట్టుకోకూడదన్నది ఆయన నియమం. మిషను వేడెక్కాలి, ఫిల్మ్ కడగాలి, ఆరబెట్టాలి. పావుగంట పని ఆయన దగ్గర గంట పట్టేది. నేను ఆ గంటంతా కిటికీకీ బల్లకీ మధ్య తిరిగేదాన్ని.

మార్తమ్మ వచ్చింది మూడో వారంలో. తుష్నాబాద్‌లో కూరగాయలు పండించి, రోజూ బస్సులో పోర్ట్ బ్లెయిర్ బజారుకి తెచ్చి అమ్ముకునే మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. భర్త ఉత్తరాన మాయాబందర్‌లో పనిచేస్తూ నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఆవిడా, ఒక తెల్ల పొమరేనియన్ కుక్కా. ఎవరో ఆఫీసరుగారి కుటుంబం బదిలీ మీద మెయిన్‌లాండ్‌కి పోతూ, రోజూ కూరగాయలిచ్చే ఈవిడకి దాన్ని అప్పగించి వెళ్ళారట. దాని పేరు గుడ్డు.

"సాబ్ వాళ్ళు హిందీలో ముద్దుగా పెట్టుకున్న పేరంట," అని చెప్పింది. "మనకి గుడ్డంటే గుడ్డే కదా. అలగే ఉన్నాది మరి, తెల్లగా, గుండ్రంగా."

దానికి పదేళ్ళు దాటాయి. వారం రోజులుగా తిండి ముట్టడం లేదు, కుడి బుగ్గ వాచింది, నోరు తెరిస్తే చీము వాసన. మత్తిచ్చి చూస్తే కింది దవడలో పెద్ద దంతం చుట్టూ చిగురు పూర్తిగా కుళ్ళిపోయి ఉంది. ఎక్స్‌రే తీద్దామని దేవదానం గారు మిషను దగ్గరికి వెళ్ళేసరికి కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే ముందుగదిలో స్కూటర్ కింద పడ్డ కుక్కని తీసుకొచ్చారు, దానికి రక్తం ధారగా పోతోంది. ఆయన పరుగెడుతూ నాతో, కరెంటు వచ్చేదాకా ఆ దంతం ముట్టుకోకు, పైపళ్ళ గార తియ్యి, ఊపిరి చూస్తూ ఉండు అని చెప్పి వెళ్ళారు.

గార తీశాను. కరెంటు రాలేదు. ముందుగదిలోంచి కుక్క మూలుగు, మనుషుల మాటలు వినబడుతూనే ఉన్నాయి. మత్తు ఎంతసేపో ఉండదు, మళ్ళీ ఇవ్వాలంటే ముసలి కుక్క. ఇలా నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదని అప్పుడూ తెలుసు. ఓడకి పది రోజులుంది. అక్కడి పెద్దాస్పత్రిలో మొదటి రోజే, ఇలాంటి దంతాలు నేను స్వయంగా తీశానని చెప్పుకోవాలని ఉంది. ఎలివేటర్ అని ఒకటుంటుంది, చిన్న ఉలిలాంటిది. దాన్ని పంటికీ ఎముకకీ మధ్య దూర్చి మెల్లగా తిప్పుతూ పన్నుని వదులు చెయ్యాలి. తిప్పాను. కదిలింది. ఇంకాస్త బలంగా తిప్పాను. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. పన్ను విరిగిందనుకున్నాను. వేలు పెట్టి చూస్తే దవడ ముందుభాగం నా వేలితోపాటు పక్కకి వచ్చేసింది.

దేవదానం గారు తిరిగొచ్చి, దవడని వేలితో కదిపి చూశారు. చేతులు కడుక్కుని నా చోటులో నిలబడ్డారు. అప్పటికి కరెంటు వచ్చింది, ఎక్స్‌రే తీశారు. దంతం చుట్టూ ఎముక కాగితమంత పలచగా మిగిలి, అక్కడే విరిగి ఉంది. ఆయన ఆ దంతాన్ని రెండుగా కోసి ఒక్కో వేరునీ విడిగా, దాదాపు బలమే లేకుండా తీశారు. చీము కడిగి చిగురు కుట్టారు. ఇంత పుచ్చిన ఎముకలో విరిగిన ముక్కల్ని కలిపి కట్టే తీగలు నిలవవని, ఆస్పత్రి టేపుని మడతపెట్టి మూతికి ఒక పట్టీ చేశారు, నాలుక బయటికొచ్చి జావ నాకేటంత సందు మాత్రం వదిలి. ఐదారు వారాలు అలా ఉంచితే అతకొచ్చు, అతకకపోనూవచ్చు.

మార్తమ్మకి చెప్పడానికి నేనే వెళ్ళాను. ఎముక బాగా పుచ్చిపోయింది దీదీ, పన్ను తీస్తుంటే దవడ విరిగింది, కట్టు కట్టాం అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆలస్యం చేసినాను, తప్పు నాదే అంది. నేను నోరు మెదపలేదు.

సాయంత్రం పనిముట్లు కడుగుతూ దేవదానం గారు, "నువ్వు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు," అన్నారు. పటకారు తుడిచి పక్కన పెట్టారు. ఆనక, మత్తిచ్చిన కుక్కని స్టూడెంటు దగ్గర వదిలి వెళ్ళడం తన తప్పనీ, అది ఆవిడకి తను చెప్తాననీ అన్నారు. "నీది మాత్రం నువ్వే చెప్పుకోవాలమ్మా. నేను చెప్తే అది చాడీ అవుతుంది."

 మూడో రోజు మార్తమ్మ కట్టు చూపించడానికి గుడ్డుని బుట్టలో పెట్టుకుని వచ్చింది. పైన రెండు కట్టల బచ్చలికూర, ఒక ఆనపకాయ. బల్ల మీద పెట్టి, అమ్మాయిగారు ఎంత కష్టపడ్డారో, డాక్టరుబాబుకీ ఈ తల్లికీ దేవుడు మేలు చెయ్యాలి అని మొదలుపెట్టింది. దేవదానం గారు ఆవిణ్ణి ఆపి, తన తప్పు ముందు చెప్పారు. ఆ పైన నేను ఇంక ఆగలేకపోయాను. సారు ముట్టుకోవద్దన్నారు, నేనే ముట్టుకున్నాను, ఫోటో తీసి చూసుంటే విరిగేది కాదు, నాకు తొందర అయి చేశాను అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

మార్తమ్మ కుక్క వీపు నిమిరింది. తరవాత బచ్చలికూర కట్టలు తీసి మళ్ళీ బుట్టలో పెట్టుకుంది. ఆనపకాయ కూడా. అప్పుడు నావైపు చూసింది.

"దీనికి జావ తాపాలంటే గంట పడతన్నాది. నాను సుబే సుబే, తెల్లారీసరికే బజార్‌కి ఎల్లాల. రేపట్నించి నువ్వే వచ్చి తాపు. ఫస్ట్ బస్సుకి వచ్చీ."

"వస్తాను దీదీ," అన్నాను. ఓడ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తుకొచ్చింది.

ఓడకి మిగిలిన వారం రోజులూ అది గుర్తుకొస్తూనే ఉంది. తెల్లవారుతూనే ఊళ్ళోకి వచ్చే జనం అంతా ఇటు వస్తుంటే నేను ఖాళీ బస్సులో అటు వెళ్ళేదాన్ని. సిప్పీఘాట్ దగ్గర నీళ్ళు నిండిన పొలాలు, ఆ తరవాత పోకతోటలు. మార్తమ్మ అప్పటికే కూరల గంపలు కట్టేసి రోడ్డు మీద నిలబడి ఉండేది. తాళంచెవి నా చేతిలో పెట్టి, నేను దిగిన బస్సు తిరిగి వస్తే దాన్లో ఎక్కి వెళ్ళిపోయేది. గుడ్డు నన్ను చూసి మొదటి నాలుగు రోజులూ మంచం కిందికి పోయి గుర్రుమంది. దాని దృష్టిలో నేనెవరో దానికి బాగా తెలుసు. అమ్మ వండి, ముళ్ళు తీసి, గుడ్డలో వడగట్టి ఇచ్చిన చేపరసాన్ని గంజిలో కలిపి, నేల మీద బోర్లా పడుకుని గిన్నె దాని మూతి దగ్గరికి జరిపేదాన్ని. ఒక్కో నాకు నాకుతూ ఆగిపోయేది. తొందరపెడితే తల తిప్పేసేది. కట్టు తడిస్తే మార్చాలి, చర్మం ఒరుసుకుపోకుండా మందు రాయాలి. నా జీవితంలో అంతసేపు ఒకచోట పడి ఉన్నది అదే మొదటిసారి. పడి ఉన్నానే కానీ కాలివేళ్ళు నేలని తన్నుతూనే ఉండేవి. మార్తమ్మ అప్పుడప్పుడు ఆదివారాలు ఇంట్లో ఉండేది. కట్టు ఎలా ఉందో అడిగేది, అంతే. ఆ ఇంట్లో అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా మంచినీళ్ళు కావాలా అని నన్ను అడగలేదు. ఒక పూట దాహమేసి నేనే కుండలో ముంచుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఓడకి ముందురోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర, వెళ్ళనని చెప్పాను. నాన్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఒక్క కుక్క దవడ కోసం ఓడ ఒగ్గేత్తావేటి? ఇంకోలు తాపలేరా దానికి?"

"దవడ విరిచింది నేను నాన్నా."

ఆయనకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అమ్మకి తెలుసు, ఆయనకి చెప్పొద్దన్నాను. ముద్ద కంచంలో పెట్టి, లేచి చెయ్యి కడుక్కుని జెట్టీకి వెళ్ళిపోయాడు. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పెద్దాస్పత్రి గురించి అందరికీ చెప్పుకున్న మనిషి, ఇప్పుడు అందరికీ ఏం చెప్పాడో నాకు తెలియదు. కానీ మర్నాటి నుంచి వేటలో దొరికినదాంట్లో ముళ్ళు తక్కువున్న చేప ఒకటి ఏరి, అమ్మ కత్తిపీట పక్కన విడిగా పెట్టేవాడు. అది ఎవరికని అమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఓడ వెళ్ళిన మధ్యాహ్నం నేను తుష్నాబాద్ నుంచి తిరిగొచ్చి, మా గుమ్మంలో నిలబడి అది మలుపు తిరిగేదాకా చూశాను. ఏడ్చాను కూడా. అపరాధం ఒప్పుకున్నంత మాత్రాన మనసు తేలికైపోతుందని పుస్తకాల్లో రాస్తారు. నాకు అలా ఏమీ కాలేదు. నా తోటివాడొకడు ఆ చోటు దక్కించుకున్నాడని విని రెండు రోజులు నిద్రపట్టలేదు.

మిగిలిన నెలంతా పొద్దున్న గుడ్డుకీ, ఆ పైన దేవదానం గారికీ ఇచ్చాను. ఆయన ఆ కేసు గురించి మళ్ళీ ఎత్తలేదు. కానీ కసాయి దుకాణం నుంచి మేక తలలు తెప్పించి, నా చేత ఒక్కో దంతం కోయించి, వేరు విరగకుండా తీయించేవారు. విరిగితే మళ్ళీ ఇంకో తల. ఒక రోజు పదకొండు వేర్లు విరగ్గొట్టాను. మర్నాడు రెండు. చేత్తో లాగకమ్మా, అది వచ్చేదాకా కాసుకో అనడం తప్ప ఆయన ఇంకేమీ చెప్పేవారు కాదు.

ఐదు వారాలు దాటాక కట్టు విప్పి ఎక్స్‌రే తీశాం. ఎముక అతికింది. కాస్త వంకరగా అతికి, గుడ్డు నాలుక కుడిపక్కకి ఎప్పుడూ బయటికి వేలాడేది. మార్తమ్మ ఫిల్ముని వెలుతురుకి పట్టుకుని చూసింది, అతికిన చోటు వేలితో చూపించమని అడిగింది. నువ్వూ రా అని నన్ను బస్సెక్కించింది. ఇంట్లో ఆవిడ అన్నం వడ్డించుకుని కూర్చుంటే, గుడ్డు వచ్చి కంచంలోంచి చేపముక్క లాక్కుని మంచం కిందికి పోయింది. నమిలిన చప్పుడు మా ఇద్దరికీ వినబడింది. ఇద్దరం కదలకుండా విన్నాం. చాలాసేపటికి ఆవిడ లేచి ఇంకో కంచం కడిగి తెచ్చింది.

"కూకో," అంది. "పొద్దున్నుంచి ఏటీ తిన్నట్టు లేదు నువ్వు."

ఆ పులుసు ఉప్పగా ఉంది. మూడుసార్లు వడ్డించుకున్నాను.

గుడ్డు ఆ తరవాత రెండేళ్ళు బతికిందని విన్నాను. నేను పరీక్షలు రాసి, కొన్నేళ్ళు మెయిన్‌లాండ్‌లో తిరిగి, పళ్ళ పని ఇంకాస్త నేర్చుకుని ఇక్కడికే వచ్చి క్లినిక్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఎక్స్‌రేకి ఫిల్మ్ కడగక్కర్లేదు, రెప్పపాటులో తెరమీద కనబడుతుంది. మత్తుకి గ్యాసు ఉంది, గుండె లెక్క చెప్పే మిషనుంది, జనరేటరుంది. ఎక్స్‌టర్న్‌షిప్‌కి వచ్చే పిల్లలు నాకంటే ఎక్కువ చదువుకుని వస్తున్నారు. చెయ్యి తొందర మాత్రం వాళ్ళకీ ఉంది, నాకూ పోలేదు. ఆ రోజుల్లో తప్పు చేస్తే ఇంటికి రమ్మని తాళంచెవి చేతిలో పెట్టే మనిషి ఉండేది. ఇప్పుడు ఫోనులో రెండు ముక్కలు రాసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతారు. వాళ్ళని తప్పు పట్టను, నేనైనా అంతే చేస్తానేమో.

మొన్నీమధ్య ఒక పిల్లికి పైకోర తీస్తుంటే వేరు కొస విరిగి ముక్కులోకి జారిపోయింది. ఎక్స్‌రే తీసే తీశాను, జాగ్రత్తగానే తీశాను, అయినా జారింది. పిల్లి తాలూకు కుర్రాడిది సిప్పీఘాట్, ఏదో ఆఫీసులో ఉద్యోగం. బయటికి వెళ్ళి, అతని పక్క కుర్చీలో కూర్చుని, ఏం జరిగిందో, నా చేతిలో ఎలా జరిగిందో, మళ్ళీ ఆపరేషన్ ఎందుకు చెయ్యాలో తెర మీద చూపించి చెప్పాను. అతను నా మొహంకేసి చూసి, పిల్లికి మత్తు దిగగానే దాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మా క్లినిక్ గురించి ఇంటర్నెట్‌లో నాలుగు వాక్యాలు రాశాడు, మా రిసెప్షన్ అమ్మాయి చదివి వినిపించింది. అందులో అబద్ధం ఏమీ లేదు. మర్నాడు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వేరు ముక్క లోపల ఉండిపోతే ముక్కు చీము పడుతుంది, అది అతనికి తెలియాలి. మూడో రోజు పొద్దున్నే క్లినిక్ తియ్యకుండా స్కూటర్ మీద సిప్పీఘాట్ వెళ్ళి అడ్రస్ కనుక్కున్నాను. గేటు కొట్టాను. లోపల ఎవరో నడుస్తున్న చప్పుడైంది, ఆగిపోయింది. వెళ్ళిపోదామనిపించింది. రోడ్డు మీద ఇటూ అటూ నాలుగుసార్లు తిరిగి మళ్ళీ కొట్టాను. చాలాసేపటికి అతను గేటు సగం తీసి, పిల్లిని చంకలో పెట్టుకునే, "చూడండి, రాత్రి నుంచి తుమ్ముతూనే ఉంది," అన్నాడు.